అప్‌డేట్: నా మాట నమ్మని స్నేహితురాళ్లతో మాట్లాడాను

పోయిన నెల అడిగాను కదా, చిన్నప్పుడు నాన్న చేతిలో తిన్న దెబ్బల గురించి ఇన్నేళ్లకు నోరు విప్పితే నా ఇద్దరు దగ్గరి స్నేహితురాళ్లు "అంకుల్ అలాంటివారు కాదే, నువ్వే ఎక్కువ ఊహించుకుంటున్నావేమో" అన్నారని. ఇద్దరితో విడివిడిగా మాట్లాడమన్నారు మీలో చాలామంది. అదే చేశాను.

మొదటి ఆమెకు ముందే చెప్పేశాను, నా దగ్గర సాక్ష్యాలు లేవు, నిన్ను తీర్పు చెప్పమనట్లేదు, వింటే చాలు అని. అయినా అడిగింది, మరి చెప్పిన ప్రతిసారీ వరస మారుతుందేంటి అని. బాగా భయపడినప్పుడు మెదడు కొన్ని ముక్కల్నే గట్టిగా పట్టుకుంటుంది, ముందూ వెనకా, తేదీలూ జారిపోతుంటాయి. నాకు తలుపు గడియ పడిన చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది, కానీ అది ఏడో తరగతిలోనా ఎనిమిదిలోనా అంటే చెప్పలేను. అదే చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత ఏడ్చేసింది. (చివరికి నేనే ఓదార్చాల్సి వచ్చింది, అది వేరే సంగతి.)

రెండో ఆమె మాత్రం "రెండు వైపులా వినాలి కదా" దగ్గరే ఆగిపోయింది. వాదించలేదు. ఈ విషయం ఇక నీతో ఎత్తను, నువ్వూ ఎత్తొద్దు, మిగతా కబుర్లు మామూలే అన్నాను. మెసేజ్‌లు బాగా తగ్గాయి. బాధగానే ఉంది, కానీ కలిసిన ప్రతిసారీ రుజువు చేసుకోవాలనే టెన్షన్ పోయింది.

వచ్చే వారం కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నా. తోడు మొదటి ఆమే వస్తానంది.