రామగిరిలో పాత ఇల్లు అమ్మి ఎల్బీనగర్‌లో ఫ్లాటు కొనవచ్చా?

రామగిరి_వాసి
నల్లగొండ రామగిరిలో నాన్నగారు 1988లో కట్టిన ఇల్లు, 200 గజాలు. ఆయన పోయి మూడేళ్లయింది. అమ్మ హైదరాబాదులో నా దగ్గరే ఉంటోంది. ఇల్లు అమ్మి ఎల్బీనగర్ మెట్రో దగ్గర ఫ్లాటు తీసుకుందామని ఆలోచన. తక్కువపడే 30 లక్షలు బ్యాంకు అప్పు. ఇరవై ఏళ్ల తర్వాత చూసుకుంటే ఏది మేలు? ఇంకో మాట. ఇల్లు వీధిపోటుకు (ఎదురు వీధి నేరుగా వచ్చి ఇంటికి తగిలేలా) ఉందని కొనేవారు 4 లక్షలు తగ్గించమంటున్నారు.

పానగల్లు_పెద్దాయన
ఏ పోటో చెప్పకుండా వీధిపోటు అంటే ఎలా బాబూ? తూర్పు ఈశాన్యం, ఉత్తర ఈశాన్యం పోట్లు కలిసివస్తాయి. నైరుతి పోటయితే నాలుగు లక్షలు కాదు, పది తగ్గించినా నేను కొనను.

38_గజాల_యజమాని
అమ్మకండి. నేను దేవరకొండ రోడ్డులో 220 గజాలు అమ్మి వనస్థలిపురంలో ఫ్లాటు కొన్నాను. కాగితంలో 1,150 చదరపు అడుగులు, టేపు పెట్టి లోపల కొలిస్తే 820. మిగిలినదంతా మెట్లు, లిఫ్టు, గోడలు. దస్తావేజులో నా భూమి వాటా 38 గజాలు. భవనం పాతబడేకొద్దీ విలువ తగ్గుతుంది, పెరిగేది భూమే. ఆ భూమి 220 నుంచి 38కి వచ్చింది. అప్పు లెక్క కూడా వేసుకోండి: 30 లక్షలు, 9 శాతం, 20 ఏళ్లంటే నెలకు సుమారు 27 వేలు. మొత్తం కట్టేది 65 లక్షలకు కాస్త తక్కువ.

రిటైర్డ్_సైటు_ఇంజినీరు
పానగల్లు పెద్దాయనకు ఒక ప్రశ్న. దిక్కు దేనితో చూస్తారు? మా ఇంటికి వచ్చిన వాస్తు పెద్దమనిషి దిక్సూచిని తెచ్చి ఇనుప గేటు మీద పెట్టాడు. ముల్లు గేటు చెప్పినట్టు వింది. ఆయన మాట నమ్మి మెట్లు పడగొట్టించి అటు నుంచి ఇటు మార్చాను. ఖర్చు 1,80,000. తర్వాత నేనే దిక్సూచి పట్టుకుని నడిరోడ్డు మీద నిలబడి చూస్తే మొదట ఉన్న మెట్లే సరి.

పానగల్లు_పెద్దాయన
ఎవరో చేతకానివాడు గేటు మీద పెడితే శాస్త్రం తప్పయిపోతుందా? వంతెన కూలితే ఇంజినీరింగే తప్పని మేము అన్నామా?

రిటైర్డ్_సైటు_ఇంజినీరు
వంతెన కూలితే విచారణ ఉంటుంది. నా మెట్లకు ఎవరు జవాబు చెప్పారు? వీధిపోటు ఇంటికి అసలు ఇబ్బంది రాత్రిపూట తెలుస్తుంది. ఎదురు వీధిలో వచ్చే ప్రతి బండి లైటూ పడకగది గోడ మీద పడుతుంది. ఎత్తయిన ప్రహరీ కట్టి రెండు చెట్లు పెడితే సరిపోతుంది. దానికి నాలుగు లక్షలా?

కోర్టు_గుమస్తా
దిక్కుల సంగతి తర్వాత. ఇల్లు తండ్రిగారి పేర ఉందా? వీలునామా రాశారా? అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఎంతమంది? ఇవి చెప్పకుండా ధర మాట్లాడి ప్రయోజనం లేదు.

రామగిరి_వాసి
ఇప్పుడే ఫోనులో చూశాను, దక్షిణ ఆగ్నేయం చూపిస్తోంది. మంచిదేనా?

పానగల్లు_పెద్దాయన
మంచిదే. ఒక్క రూపాయి తగ్గించవద్దు.

భూత్పూర్_బాధితుడు
మీకు కనీసం ఇల్లుంది. జాతీయ రహదారి పక్కన, ఐటీ టవర్‌కు దగ్గర అంటే నమ్మి ప్లాటు కొన్నాను. లేఅవుటుకు అనుమతి లేదు. 2020లో వెయ్యి రూపాయలు కట్టి, అలాంటి లేఅవుట్లను క్రమబద్ధం చేసే ఎల్‌ఆర్‌ఎస్‌కు దరఖాస్తు పెట్టి, ఏళ్ల తరబడి ఎదురుచూశాను. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) శుభ్రంగా ఉందని మధ్యవర్తి చూపించాడు. ఈసీలో రిజిస్టరయిన లావాదేవీలే కనిపిస్తాయి, లేఅవుటు అనుమతి కనిపించదు. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు.

కోర్టు_గుమస్తా
రామగిరి తమ్ముడూ, రెండోసారి అడుగుతున్నాను. వారసులు ఎందరు?

రామగిరి_వాసి
వీలునామా లేదు సార్. ఇల్లు నాన్న సొంత సంపాదన. ఇద్దరు అక్కలున్నారు. వాళ్ల పెళ్లిళ్లకు ఇవ్వాల్సింది అప్పుడే ఇచ్చేశాం.

పాలమూరు_ఆడపడుచు
ఇచ్చేశాం! మా అన్న నోట సరిగ్గా ఇదే మాట విన్నాను. దసరాకు పిలిచాడు, వదిన బొట్టు పెట్టి చీర చేతిలో పెట్టింది. మర్నాడు ఆఫీసు పని ఉంది రమ్మని సబ్ రిజిస్ట్రారు దగ్గరకు తీసుకెళ్లారు. ‘ఊరికే సంతకం చెల్లీ’ అన్నాడు. అది హక్కు విడుదల పత్రమని ఇంటికొచ్చాక మా ఆయన చదివి చెబితే తెలిసింది. మెట్టుగడ్డలో మా పుట్టింటిని తర్వాత ఎంతకు అమ్మాడో నాకు ఇప్పటికీ చెప్పలేదు. ఆ చీర నేను కట్టలేదు, బీరువాలో ఉంది.

38_గజాల_యజమాని
అమ్మా, ఆయన మీ అన్న కాదు కదా, ఆయన మీద కోపం దేనికి? కట్నాలు ఇచ్చినవాళ్ల బాధ కూడా చూడాలి.

పాలమూరు_ఆడపడుచు
కట్నం ఎవరి చేతికి వెళ్లింది? నా చేతికా?

కోర్టు_గుమస్తా
కట్నం ఇచ్చినంత మాత్రాన వాటా పోదు. వీలునామా లేకుండా పోయిన తండ్రి స్వార్జితంలో అమ్మకు, మీకు, ఇద్దరక్కలకు సమాన వాటాలు. అంటే నాలుగో వంతు మీది. నలుగురూ సంతకం చేస్తేనే అమ్మకం నిలుస్తుంది. అక్కలు నిజంగా వద్దనుకుంటే విడుదల పత్రం రిజిస్టరు చేయించండి, చదివి వినిపించి మరీ. బయానా తీసుకున్నారా?

రామగిరి_వాసి
రెండు లక్షలు తీసుకున్నాను. నగదు.

పన్నుల_లెక్కలు
ఇరవై రెండేళ్లుగా ఇదే నా పని కాబట్టి గట్టిగా చెబుతాను. ఆస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోకూడదు. తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడవచ్చు. ఇక లాభం మీద పన్ను: 2001కి ముందు కట్టిన ఇల్లు కాబట్టి 2001 ఏప్రిల్ 1 నాటి విలువను మూలధరగా తీసుకోవచ్చు. 2024 జూలై 23కి ముందే చేతికొచ్చిన ఆస్తి కాబట్టి 12.5 శాతమా, ధరల సూచీ ప్రకారం మూలధర పెంచుకుని 20 శాతమా, ఏది తక్కువయితే అది. అమ్మిన రెండేళ్లలోపు ఆ లాభంతో ఇల్లు కొంటే మినహాయింపు ఉంది. అయితే ఎవరి వాటా లాభం వారిది. అక్కల వాటాతో మీరు ఫ్లాటు కొంటే వాళ్లకు మినహాయింపు రాదు.

రామగిరి_వాసి
నాలుగో వంతే అంటే ఎల్బీనగర్ కుదరదు. పెద్దక్కకు ఫోను చేశాను. ‘అమ్మాలనుకున్నాక గుర్తొచ్చామా?’ అని పెట్టేసింది.

భూత్పూర్_బాధితుడు
నా ప్లాటు ఎవరైనా కొంటారా?

గడియారం_సెంటర్_టైలర్
సార్, అమ్మకం ఆగినట్టే కదా. ముందు గది అద్దెకిస్తారా? వీధిపోటు ఇల్లు దుకాణానికి బాగుంటుంది, వీధి చివరి నుంచే బోర్డు కనిపిస్తుంది. అక్కలను కూడా అడిగి చెప్పండి, అద్దె నాలుగు భాగాలు చేసి ఎవరిది వాళ్లకు ఫోనులో పంపిస్తాను.