చలి మొదలయ్యాక మా భీముడు గుర్రుమంటున్నాడు

కోటవీధి టైలరమ్మ, బొబ్బిలి:
మా ఇంటి ముందుగదిలోనే నా కుట్టుమిషన్. వీధిలో దొరికిన నాటు కుక్కపిల్లకు మా అబ్బాయి భీముడని పేరు పెట్టాడు. ఇప్పుడు వాడికి తొమ్మిదేళ్లు, తిండిలో పేరు నిలబెట్టుకున్నాడు. ధనుర్మాసంలో గుడి మైకు మోగగానే లేచి, నేను ముగ్గు వేస్తుంటే పక్కన కాపలా కూర్చునేవాడు. ఈసారి మిషన్ కింద ముడుచుకుని పడుకుంటున్నాడు, పాలబ్బాయి వచ్చినా మొరగడం లేదు. గోడమీద ఎండ పడ్డాక మాత్రం మామూలుగా తిరుగుతాడు. అన్నం మానలేదు. మొన్న నడుము కింద చెయ్యి వేసి జరపబోతే నా మీదే గుర్రుమన్నాడు. ముసలితనంలో పొగరు పెరిగిందని మా అత్తయ్య, బద్ధకమని మా వారు. చలికి కుక్కల స్వభావం మారుతుందా?

నాగావళి గట్టు, ఆమదాలవలస:
అమ్మా, నేను పశువుల ఆసుపత్రిలో పనిచేసి రిటైరయ్యాను. మీ అత్తగారి మాట కాదనవలసి వస్తోంది. నడుము ముట్టుకుంటే గుర్రుమంటున్నాడు, ఎండెక్కాక తిరుగుతున్నాడు. ఈ రెండూ కలిపి చూస్తే నాకు ముందుగా కీళ్ల అరుగుదల మీదే అనుమానం. రాత్రంతా కదలకుండా పడుకుంటే కీళ్లు బిగుసుకుపోతాయి, చల్లని గచ్చు దానికి తోడవుతుంది. కాసేపు నడిస్తే వదులవుతాయి. నొప్పి ఉంటే మూలగాలి కదా అంటారు చాలామంది. కుక్కలు అలా మూలగడం తక్కువ. ఆట మానేస్తాయి, మెట్లెక్కవు, ముట్టుకుంటే విసుక్కుంటాయి. మనం దానికి పొగరని పేరు పెడతాం.

లేచేటప్పుడు ముందుకాళ్ల మీద బలం వేసి వెనుక భాగాన్ని లాగుతున్నాడేమో గమనించండి. వెనుక తొడలు సన్నబడ్డాయా? చలికి తిరుగుడు తగ్గి, అన్నం మాత్రం అంతే పెడుతుంటే బరువు పెరుగుతుంది. ఆ బరువంతా మళ్లీ ఆ కీళ్ల మీదే.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు వేయకండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కల కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పిల్లికైతే ఒక్క పారాసిటమాల్ మాత్ర కూడా ప్రాణం తీయగలదు. ముక్కు తడి చూసి జ్వరం తేల్చడం కూడా వద్దు. కుక్క మామూలు వేడే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది.

పడకకు గోనెసంచులు రెండు మూడు మడతలు వేసి పైన పాత దుప్పటి పరవండి. నెల్లిమర్ల జూట్ మిల్లు ఉన్న జిల్లాలో గోనెసంచులకు కరువేముంది!

ఆటో స్టాండు, విజయనగరం:
కుక్కల సంగతి తెలియదు, నాకు పిల్లి ఉంది. చలికాలం వస్తే ఇన్వర్టర్ మీద నుంచి దిగదు. పిల్లి ఒంటికి 30 డిగ్రీలు దాటితేనే హాయి అట, అంటే మనం ఫ్యాను వేసుకునే వేడి. ఎందుకు రాశానంటే, రాత్రి ఆపిన బండి ఇంజన్ వెచ్చదనానికి వీధి పిల్లులు లోపల దూరతాయి. పొద్దున బండి తీసేవాళ్లు ముందు ఒకసారి రేకు మీద గట్టిగా తట్టండి. మా స్టాండులో నేను తడుతుంటే నవ్వుతారు, నవ్వనివ్వండి.

పెరటికోళ్లు, టెక్కలి:
పగలు తగ్గితే జంతువులకు దిగులు వస్తుందని ఈమధ్య ఎక్కడ చూసినా రాస్తున్నారు. చలిదేశాల సంగతి వేరు. మన దగ్గర జూన్‌లో పగలు 13 గంటలకు కాస్త ఎక్కువ, డిసెంబరు చివర 11 గంటలు. ఆ తేడా కోళ్లకు బాగా తెలుస్తుంది, 14 గంటల వెలుతురు లేకపోతే గుడ్లు తగ్గిస్తాయి. తెల్లవారుజామున గూటిలో బల్బు వేస్తే మళ్లీ పెడతాయి. భీముడి విషయంలో మాత్రం సూర్యుణ్ణి నిందించను. పెద్దాయన చెప్పినదే సబబు.

కోటవీధి టైలరమ్మ:
అందరికీ ధన్యవాదాలు. చూశాను, వెనుక కాళ్లు లాగుతున్నాడు. తొడలు కూడా ముందున్నట్టు లేవు. మా అత్తయ్యకు చదివి వినిపించాను, ఏమీ అనలేదు కానీ తన పాత రగ్గు తెచ్చి పరిచారు. ఆసుపత్రికి తీసుకెళ్తాం. భోగి రోజు ఇంటి ముందే మంట వేస్తారు, పిల్లలు టపాకాయలు కాలుస్తారు. వెచ్చగా ఉంటుందని మంట దగ్గర పడుకోబెట్టవచ్చా?

నాగావళి గట్టు, ఆమదాలవలస:
వద్దమ్మా. నిప్పురవ్వ ఎగిరినా, టపాకాయ పేలినా చటుక్కున లేచి పరుగెత్తలేడు. ముందురోజు సాయంత్రమే కాస్త నడిపించి, ఆ తెల్లవారుజామున వెనుకగదిలో ఉంచి తలుపు వేయండి. కాపడం పెట్టాలంటే వేడినీళ్ల సంచిని తువ్వాలులో చుట్టి, ముందు మీ చేతికి ఆనించి చూసుకుని పెట్టండి.

డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు, తెల్లవారాక వాడు లేచి నడిచే తీరు ఫోనులో వీడియో తీయండి. ఆసుపత్రిలో కొత్త మనుషులను చూసిన బెదురులో కుక్కలు కుంటకుండా నడిచేస్తాయి, డాక్టరుకు ఏమీ కనబడదు. థైరాయిడ్ తగ్గినా ఇలాగే మందకొడిగా, వెచ్చదనం వెతుక్కుంటూ ఉంటాయి. రక్తపరీక్ష అవసరమా అని కూడా అడగండి. దగ్గరలో కుదరకపోతే గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. మూతికి గుడ్డపట్టీ కట్టి తీసుకెళ్లండి. నొప్పి ఉన్నచోట నొక్కి చూస్తారు కదా, మీ భీముడు డాక్టరును కూడా వదలడు.