సెగ్వేల మీద పోలో: అనంతపురంలో ఆరు బండ్లతో ఆడవచ్చునా?

పెన్నాతీరం, అనంతపురం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. బెంగళూరు దగ్గర ఒక విహారస్థలం మూతపడినప్పుడు, అక్కడ పర్యాటకులను తిప్పడానికి వాడిన ఆరు సెగ్వే బండ్లను మేము నలుగురు మిత్రులం కలిసి వేలంలో కొన్నాము. ఎరుగని వారి కోసం ఒక మాట: రెండు చక్రాలు ముందూ వెనుకా కాకుండా పక్కపక్కన ఉంటాయి, వాటి నడుమ పలక మీద మనిషి నిలబడతాడు, ముందుకు వాలితే బండి ముందుకు, వెనక్కు వాలితే వెనక్కు నడుస్తుంది. మా దగ్గర ఉన్నవి 2006 తరువాత వచ్చిన ఐ2 రకం. పిడిని ఏ పక్కకు వంచితే ఆ పక్కకు తిరుగుతాయి.

వీటిని అద్దెకు ఇవ్వాలన్నది మొదటి ఆలోచన. పెళ్ళి ఊరేగింపులో పెళ్ళికొడుకును నిలబెడతామని ఒకరిద్దరు అడిగారు కూడా. గుర్రం దిగి దీని మీదికి ఎక్కడం మాకు ఎందుకో నచ్చలేదు. ఆ తరువాత సెగ్వే పోలో గురించి, అంటే గుర్రాలకు బదులు ఈ బండ్ల మీద నిలబడి, పొడవాటి కర్రతో బంతిని గోల్‌లోకి కొట్టే ఆట గురించి చదివాము. యాపిల్ సంస్థను స్థాపించినవారిలో ఒకరైన స్టీవ్ వోజ్నియాక్ ఈ ఆట ఆడతారనీ, ఆయన పేరు మీదే వోజ్ ఛాలెంజ్ కప్ అనే పోటీ ఉన్నదనీ, 2006లో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో జరిగిన మొదటి పోటీ 2-2తో సమంగా ముగిసిందనీ తెలిసింది. అక్కడ జట్టుకు ఐదుగురు ఆడతారు. మా దగ్గర మొత్తం బండ్లే ఆరు.

గత ఆదివారం ఊరి బయట ఎర్రమట్టి మైదానంలో ఒక ప్రయత్నం చేశాము. వెదురు కర్రకు చివర చెక్క ముక్క బిగించి, రబ్బరు బంతిని కొట్టబోయాము. విచిత్రం ఏమంటే, కర్ర ఎత్తేటప్పుడు బుద్ధిగా ఉన్న బండి, కర్ర దించే సరికి తనంతట తాను ముందుకు దూకింది. మా మిత్రుడు ఒకరు బోర్లా పడి మణికట్టు వాచింది, ఎముక విరగలేదు. అది మా తప్పా, బండి లోపమా? ఇలాంటి నేల మీద ఈ ఆట సాధ్యమేనా? ఇంకొక సందేహం కూడా ఉన్నది: బండ్లకు సరిపడా మరో ఇద్దరిని కలుపుకొని ఆరుగురం అయ్యాము, వారిలో ఒకరు ఎడమచేతి వాటం మనిషి. ఆయన ఎడమ చేతితో కర్ర పట్టవచ్చునా?

ఇరుసు, అనంతపురం

పెన్నాతీరం గారూ, బండిలో లోపం లేదు. మీరు చెప్పినది చెప్పినట్లుగా చేసినందువల్లనే అది మిమ్మల్ని పడవేసింది. నేను ముప్పై ఏళ్ళుగా మోటార్లకు తీగ చుడుతూ, ఈ మధ్య ఎలక్ట్రిక్ స్కూటర్ల బ్యాటరీలు బాగు చేస్తూ ఉన్నవాడిని కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

చీపురుకట్టను అరచేతిలో నిలువుగా నిలబెట్టి ఆడే పిల్లవాణ్ణి చూసే ఉంటారు. కట్ట ఎటు ఒరిగితే చేతిని అటు జరుపుతాడు. సెగ్వే పలక కింద ఉన్న జైరోలు (తిరుగుడును పసిగట్టే పరికరాలు), వాలును కొలిచే సెన్సర్లు చేసే పని సరిగ్గా అదే. కట్టకు బదులు మనిషి, చేతికి బదులు చక్రాలు. పలక ముందుకు వాలిందని తెలిసిన మరుక్షణమే మోటార్లు చక్రాలను ముందుకు తోసి, మనిషి బరువు కిందికి వాటిని చేరుస్తాయి. మనిషి బయలుదేరాలని వాలాడా, బంతిని అందుకోవాలని వంగాడా అన్నది దానికి తెలియదు. బంతి బండికి ముందు ఉన్నప్పుడు మీరు నడుము వంచి చేయి చాపితే, బరువు మడమల నుంచి మునివేళ్ళ మీదికి మారుతుంది. అంటే బండి భాషలో అది పరుగెత్తమన్న ఆజ్ఞ. దానికి తోడు, కుడి చేతితో బలంగా ఊపినప్పుడు పిడి మీద ఉన్న ఎడమ చేయి తెలియకుండానే పక్కకు లాగుతుంది, బండి దూకడంతో పాటు తిరుగుతుంది కూడా. మీ మిత్రులు పడే ముందు బండి ఎడమకు తిరిగి ఉండాలి. ఒకసారి అడిగి చూడండి.

కనుక బంతిని ముందు చక్రాల ఎదుట కొట్టడం మానండి (వెనుక చక్రాలే లేవు గదా, అయినా అలవాటుగా అనేశాను). బంతి కుడి చక్రానికి పక్కన, మీ కాలి మడమకు సమానంగా వచ్చినప్పుడే కొట్టాలి. నడుము వంచకుండా మోకాళ్ళు వంచి, పిరుదులను కొంచెం వెనక్కు ఉంచితే, చేయి కిందికి పోయినా బరువు మధ్యలోనే నిలుస్తుంది. కర్ర పొడవు కూడా ఇక్కడే ముఖ్యం. బండి మీద నిలబడి, చేయి జారవిడిచి, పిడికిలి నుంచి నేల దాకా కొలవండి. ఏటవాలు కోసం కొద్దిగా కలపండి. మామూలు ఎత్తు మనిషికి మూడు అడుగుల పైచిలుకు వస్తుంది. అంతకంటే పొట్టి కర్ర అయితే ప్రతి దెబ్బకూ వంగవలసి వస్తుంది, వంగిన ప్రతిసారీ బండి పరుగెత్తుతుంది.

వేగం సంగతి. ఈ బండి గరిష్ఠ వేగం గంటకు 20 కిలోమీటర్లు. ఆ హద్దుకు చేరగానే అది పలకను వెనక్కు ఎత్తి, పిడితో మిమ్మల్ని వెనక్కు నెడుతుంది. ఆట వేడిలో ఉన్నవాడు ఆ నెట్టుడును లెక్క చేయకుండా ఇంకా ముందుకు వాలితే, నిలబెట్టడానికి మోటారు దగ్గర మిగులు బలం ఉండదు; అప్పుడు పడేది పక్కకు కాదు, ముఖం మీదికి. మీ ఐ2 బండ్ల తాళంలో తాబేలు గుర్తు ఉండే కొత్తవారి అమరిక ఒకటి ఉన్నది. దానిలో పెడితే వేగం గంటకు 10 కిలోమీటర్లు దాటదు, మలుపులు కూడా మెత్తగా ఉంటాయి. బండి బరువే దాదాపు 47 కిలోలు. దాని మీద 70 కిలోల మనిషి. వేగం సగమైతే ఢీకొన్నప్పుడు పడే శక్తి నాలుగో వంతు అవుతుంది. మొదటి నెల తాబేలునే నమ్ముకోండి.

బ్యాటరీల విషయంలో మాత్రం మిమ్మల్ని కొంచెం భయపెట్టక తప్పదు. ఒక్కో బండికి రెండు బ్యాటరీలు ఉంటాయి, రెండూ ఒకే రకానివి కావాలి. 2020 జులైలో ఈ బండ్ల తయారీ ఆగిపోయింది కాబట్టి, ఇక దొరికేవన్నీ పాతవో, ఎవరో విప్పి లోపలి సెల్లులు మార్చి అతికించినవో అవుతాయి. నిలదొక్కుకోవడానికే కరెంటు ఖర్చు చేసే బండిలో బ్యాటరీ బలహీనపడితే, సైకిల్ లాగా మెల్లగా ఆగిపోదు. 2003లో సెగ్వే సంస్థ అప్పటిదాకా అమ్మిన బండ్లన్నిటినీ వెనక్కు పిలిపించింది ఈ కారణంగానే: బ్యాటరీ అడుగంటుతున్నప్పుడు మనిషి పడిపోయే ప్రమాదం ఉండేది. కాబట్టి ఛార్జి సగానికి పడగానే ఆ బండిని ఆట నుంచి తప్పించండి. మన ఎండలో ఆడి వచ్చిన వెంటనే, వేడి చల్లారక ముందు ఛార్జింగు పెట్టకండి.

కడపగడప, కడప

నాకు ఒక సంగతి అర్థం కావడం లేదు. ఇంత జాగ్రత్త అవసరమైనప్పుడు, సైకిల్ పోలో ఆడుకోవచ్చు గదా? అది 1891లో ఐర్లండ్‌లో పుట్టిన ఆట, 1908 లండన్ ఒలింపిక్స్‌లో ప్రదర్శనగా ఆడారు, మన దేశంలో దానికి 1966 నుంచి సమాఖ్య ఉన్నది. సైకిల్ చెడితే వీధి చివర బాగు చేస్తారు. లేదంటే పిల్లలు తొక్కే హోవర్‌బోర్డులు కొనండి, చాలా చవక.

ఇరుసు, అనంతపురం

సైకిల్ పోలో మాట నేను కాదనను; దానికి కావలసిన నైపుణ్యం వేరు, అంతే. హోవర్‌బోర్డు మాట మాత్రం వద్దండి. దానికి పట్టుకోవడానికి పిడి లేదు, చక్రాలు చిన్నవి, చాలావాటికి గట్టి రబ్బరు టైర్లు. మన ఎర్రనేలలో చింతగింజంత రాయి తగిలినా చక్రం ఆగుతుంది, మనిషి ఆగడు. 2016లో అమెరికాలో ఐదు లక్షలకు పైగా హోవర్‌బోర్డులను వెనక్కు తీసుకున్నది వాటి బ్యాటరీలు అంటుకునే ప్రమాదం ఉన్నందుకే.

వ్యాయామం మాస్టారు, కర్నూలు

నేల గురించి, నియమాల గురించి నాకు తోచినది చెబుతాను. ఇరుసు గారు బండిని చూశారు, నేను మైదానాన్ని చూస్తాను.

ఈ బండి నిలబడేది నేలతో చక్రానికి ఉన్న పట్టు వల్లనే. సైకిల్ చక్రం జారితే కాలు ఆనించవచ్చు. ఇక్కడ చక్రం జారితే నిలబెట్టే చేయే జారినట్లు. అందువల్ల ఎర్రమట్టి మీద పైపైన తేలే గులకరాళ్ళు అన్నిటికంటే ప్రమాదం. మా కర్నూలు వైపు నల్లరేగడి నేల ఎండాకాలంలో చక్రం దిగబడేటంత నెర్రెలు విచ్చుతుంది, వానాకాలంలో బంకగా మారి టైరుకు చుట్టుకుంటుంది. మాకు ఆ నేల మీద ఈ ఆట కలలో మాట. మీ ఎర్రనేల నయం. ఆట ముందు రోజు సాయంత్రం చీపుర్లతో గులకరాళ్ళు ఊడ్చి, నీళ్ళు చల్లి, చేతి రోలరు లాగి, తెల్లవారి ఎండ ఎక్కక ముందే ఆడండి. గడ్డి ఉన్న మైదానం ఎవరైనా ఇస్తే మంచిదే గానీ, క్రికెట్ పిచ్ ఉన్న చోటికి 47 కిలోల బండ్లను రానివ్వమని అడగడమే మర్యాద కాదు. బాస్కెట్‌బాల్ ఆడే సిమెంటు గచ్చు మీద పట్టు బాగుంటుంది గానీ పడితే దెబ్బ ఎక్కువ. నేర్చుకోవడానికి గచ్చు వాడండి, ఆటకు మట్టి వాడండి.

రబ్బరు బంతి వద్దు. గట్టిగా ఎగిరే బంతి చక్రం కిందికి దూరితే అదే గులకరాయి అవుతుంది. చక్రం ఎక్కినా నలిగిపోయే మెత్తని స్పాంజి బంతి, ఫుట్‌బాల్ కంటే చిన్నది, తీసుకోండి. అయితే ఆషాఢంలో మీ ఊరి గాలికి స్పాంజి బంతి కదిరి దాకా పోతుంది. ఆ నెల ఆట మానడమే మేలు. కర్ర చివర చెక్కకు కూడా పాత సైకిల్ ట్యూబు చుట్టండి. గోల్ స్తంభాలకు కర్రలు పాతకుండా, తగలగానే పడిపోయే ప్లాస్టిక్ కోన్లు పెట్టండి.

మనుషుల సంఖ్య గురించి దిగులు అవసరం లేదు. గుర్రపు పోలోలోనే, చుట్టూ గోడ కట్టిన చిన్న ఆవరణలో ఆడే రకానికి జట్టుకు ముగ్గురే. సెగ్వే పోలోలో ఎనిమిదేసి నిమిషాల చక్కర్లు (పోలో ఆటలో ఒక్కో విడతను చక్కర్ అంటారు) నాలుగు ఆడతారు. మీరు ఐదేసి నిమిషాలతో మొదలుపెట్టండి, ఎందుకంటే నిలబడి ఆడే ఆటలో పిక్కలు ముందు అలసిపోతాయి, పిక్కలు అలసినవాడు మునివేళ్ళ మీదికి వాలుతాడు, ఆ తరువాత సంగతి ఇరుసు గారు చెప్పారు.

నియమాలలో ఒక్కటి మాత్రం ఆట కంటే ముందు అందరూ నేర్చుకోవాలి. కొట్టిన బంతి పోయే గీతను ఒక దారి అనుకోండి. బంతిని తన కుడి పక్కన ఉంచుకుని ఆ దారి వెంట వస్తున్నవాడిదే ఆ దారి. ఎదుటివాడు దానికి అడ్డంగా దూరితే తప్పు. ఇప్పటి రూపంలో మణిపూర్‌లో పుట్టి, 1859లో సిల్చార్‌లో మొదటి పోలో క్లబ్బు ఏర్పడినప్పటి నుంచి ప్రపంచమంతా తిరిగిన ఆటలో మనుషులను, గుర్రాలను కాపాడేది చాలావరకు ఈ ఒక్క నియమమే. గుర్రపు పోలోలో భుజంతో నెట్టడం ఒప్పుకుంటారు. మీరు మాత్రం బండికి బండి తాకడమే తప్పుగా పెట్టుకోండి.

ఎడమచేతి వాటం మిత్రుని ప్రశ్నకు జవాబు కూడా ఆ నియమంలోనే ఉన్నది. అందరూ కుడి చేతితో కొడితే, ఎదురెదురుగా వచ్చే ఇద్దరూ బంతిని తమ తమ కుడి పక్కన ఉంచుకుంటారు, ఒకరినొకరు తప్పుకుని పోతారు. ఒకరు ఎడమ చేతితో పడితే ఇద్దరూ బంతికి ఒకే పక్కకు వచ్చి ముఖాముఖి ఢీకొంటారు. గుర్రపు పోలోలో ఎడమ చేతిని నిషేధించినది ఇందుకే. ఆయన మనసు కష్టపెట్టుకోకుండా కుడి చేతితో సాధన చేయాలి, లేదా గోల్ దగ్గర కాపలా ఉండాలి.

పెన్నాతీరం, అనంతపురం

మాస్టారు గారికి, ఇరుసు గారికి కృతజ్ఞతలు. మా మిత్రుణ్ణి అడిగాను. పడే ముందు బండి ఎడమకే తిరిగిందట. రెండు ఆదివారాలు తాబేలు గుర్తు పెట్టి, బంతి లేకుండా, కర్ర మాత్రమే ఊపుతూ తిరిగాము. నిజం చెప్పాలంటే బంతితో ఆడడం కంటే ఇదే కష్టంగా ఉన్నది. మడమల మీద బరువు నిలపడం రెండో ఆదివారానికి గానీ పట్టుబడలేదు.

రెండు బండ్ల బ్యాటరీలు అరగంటకే సగానికి పడిపోతున్నాయి. అందువల్ల ఇప్పటికి ఇద్దరికి ఇద్దరుగా ఆడాలనీ, మిగిలిన ఇద్దరు ఒకరు తీర్పరిగా, మరొకరు కోన్లు నిలబెట్టడానికి ఉండాలనీ నిర్ణయించుకున్నాము. ఎడమచేతి మిత్రుడు తీర్పరి పదవికి సంతోషంగా ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న నాటి నుంచి మమ్మల్ని వదలడం లేదు. దారికి అడ్డం వచ్చారంటూ నిన్న ఒక్క చక్కర్‌లోనే ఏడు తప్పులు పట్టాడు.

ఇంకొక ప్రశ్న. బండ్లను ఇంటి నుంచి మైదానానికి రోడ్డు మీద నడుపుకుంటూ తీసుకుపోవచ్చునా?

ఇరుసు, అనంతపురం

వద్దు. రిజిస్ట్రేషన్ అక్కర్లేదని మినహాయింపు ఉన్నది 250 వాట్ల లోపు మోటారుతో, గంటకు 25 కిలోమీటర్ల లోపు నడిచే బండ్లకు. మీ బండి వేగం ఆ హద్దులోనే ఉన్నా, మోటార్ల బలం అంతకు ఎన్నో రెట్లు. ట్రాలీ ఆటో మాట్లాడుకుని, కింద పాత బొంతలు పరిచి, పిడులు తాళ్ళతో కట్టి తీసుకుపోండి. ఆ రెండు బండ్ల బ్యాటరీలు మాత్రం ఈ వారంలో ఒకసారి నా దగ్గరికి తెండి, కొలిచి చూద్దాం.