అప్‌డేట్: లాక్‌డౌన్‌లో ఆవకాయ పెట్టేశాం

2020 లాక్‌డౌన్‌లో మార్కెట్లో కాయలు కొట్టిచ్చేవాళ్లు లేక, ఇంటి నుంచి 3 కిలోమీటర్లు దాటకూడదన్నప్పుడు, ఆవకాయ ఎలా పెట్టాలని హైదరాబాద్ నుంచి అడిగాను గుర్తుందా? సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు. మాగాయతో సరిపెట్టుకోమన్న సలహాకు మాత్రం మా మామగారు ఒప్పుకోలేదు!

కాయలు వీధిలోకి వచ్చిన కూరగాయల బండి మీదే దొరికాయి. అసలు చిక్కంతా టెంకతో సహా కొట్టడం. మామూలు చాకు టెంక దగ్గరే ఆగిపోతుంది. పై అంతస్తు పిన్నిగారు చెక్కకు బిగించిన పాత మామిడికాయల కత్తి ఉందని, మెట్ల మీద పెట్టి ఫోను చేశారు. సబ్బునీళ్లతో కడిగి, తడి లేకుండా ఆరబెట్టాం. మామగారు మాస్కు తీయకుండానే కొట్టారు, ఎందుకో ఇంట్లో ఎవరూ అడగలేదు. జీడి తీసి, లోపలి పొర ఒలిచి, పొడి గుడ్డతో ప్రతి ముక్కా తుడవడం నా వంతు.

ఆవపిండి దొరకలేదు. ఆవాలు ఎండబెట్టి మిక్సీలో కొద్దికొద్దిగా, ఆపి ఆపి పట్టాను. జార్ వేడెక్కితే పిండి చేదెక్కుతుందన్న మాట బాగా పనికొచ్చింది. నాలుగు గిన్నెల ముక్కలకు గిన్నె కారం, గిన్నె ఆవపిండి, ముప్పావు గిన్నె ఉప్పు, మునిగేంత నువ్వుల నూనె. మూడో రోజు తిరగకలిపి చూస్తే ఉప్పు కాస్త తగ్గింది, అప్పుడే వేశాం.

పిన్నిగారి కత్తితో పాటు ఒక సీసా ఆవకాయ కూడా మెట్ల మీద పెట్టాను. ఆవిడ వెల్లుల్లి వేయలేదేమని అడిగారు.