అవిశ్వాసం పెడతారు, నమ్మకం పెట్టుకుంటారు

ప్రశ్న: ‘నమ్మకం’ అనే చక్కటి తెలుగు మాట ఉండగా శాసనసభలో ‘అవిశ్వాస తీర్మానం’ అనడం దేనికి? ‘అపనమ్మక తీర్మానం’ అంటే అందరికీ తేలిగ్గా అర్థమవుతుంది కదండీ?

జవాబు: మంచి ప్రశ్న అండీ. కానీ ఆ మాట మార్చొద్దనే అంటాను. సభలో లెక్కపెట్టేది శాసనసభ్యుల విశ్వాసాన్ని. జనం నమ్మకం వేరే సంగతి, దాని లెక్క పోలింగ్ బూత్‌లో తేలుతుంది.

‘విశ్వాసం’లో ఉన్న ధాతువు ‘శ్వస్’, ఊపిరి తీయడం. గుండె మీద చెయ్యేసుకుని ఊపిరి పీల్చుకోగలగడం అన్నమాట. తెలుగు వాడుకలో దానికి ఉప్పు తిన్న బంధం కూడా తోడైంది. ‘అధినేతకు విశ్వాసపాత్రుడు’ అని పత్రికలు రోజూ రాస్తాయి. ‘ఓటర్లకు విశ్వాసపాత్రుడు’ అని ఎవరైనా రాయగా చూశారా?

‘నమ్ము’ సంగతి ఇంకా లోతు. ‘నమ్మాను’ అంటే ఆ పూటకి నమ్మడం. ‘నమ్ముకున్నాను’ అంటే బతుకే దాని మీద ఆనించడం. భూమిని నమ్ముకుంటాం, చేతిపనిని నమ్ముకుంటాం, కార్యకర్త పార్టీని నమ్ముకుంటాడు. ‘నమ్మించాడు’ అనేసరికి మోసం వాసన మొదలవుతుంది. ‘నమ్మబలికాడు’ అంటే ఇక అనుమానమే అక్కర్లేదు.

సభ విశ్వాసం, జనం నమ్మకం వేరని మన చరిత్రే చెప్తుంది. 1984 ఆగస్టు 16న ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని గవర్నర్ రాంలాల్ బర్తరఫ్ చేశారు, నాదెండ్ల భాస్కరరావు ముఖ్యమంత్రి అయ్యారు. జనం రోడ్ల మీదికొచ్చారు. నెల తిరిగేసరికి సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్లీ ఆ కుర్చీలో కూర్చున్నారు. అంతటితో ఊరుకోలేదు. సభ రద్దు చేయించి 1985 మార్చిలో ఓటడిగి, 294 స్థానాల్లో 202 గెలిపించుకున్నారు. అదే మనిషిని 1989లో కల్వకుర్తి ఓటర్లు ఓడించారు. 1985లో రాష్ట్రం ఇచ్చింది ఆ ఐదేళ్లకే అన్నట్టు ఆయన పార్టీ అధికారం కూడా పోయింది.

ఢిల్లీలోనూ అంతే. 1993 జులైలో పీవీ నరసింహారావు ప్రభుత్వం మీద పెట్టిన అవిశ్వాసం 251–265తో వీగిపోయింది. సభలో గట్టెక్కిన ఆ పార్టీయే 1996 ఎన్నికల్లో అధికారం పోగొట్టుకుంది. వాజ్‌పేయి 1999 ఏప్రిల్‌లో ఒక్క ఓటు తేడాతో విశ్వాస పరీక్ష ఓడి, ఆ ఏడాదే జనం ఓట్లతో తిరిగొచ్చారు.

క్రియలు కూడా గమనించండి. మున్సిపల్ ఛైర్మన్ మీద అవిశ్వాసం ‘పెడతారు’. నాయకుడి మీద నమ్మకం ‘పెట్టుకుంటారు’. ‘పెట్టుకుంటారు’లోని ఆ ‘కొను’ వచ్చి చేరిందంటే, లాభమైనా నష్టమైనా పెట్టుకున్నవాళ్లదే.

ఈ చర్చలో మరో సభ్యురాలు: మా దిక్కు పెద్దోళ్లు నమ్మకం అన్న మాట కూడా అనరండి. “ఇగ నీ మీదనే ఉన్నం బిడ్డా” అంటరు. మా తాత ఒక అభ్యర్థి చెయ్యి పట్టుకొని గట్లనే అన్నడు. అప్పటిదాక నవ్వుకుంట దండాలు పెడుతున్నాయన ఒక్కసారి గమ్మునైండు. గెలిచినంక మా వాడకు రోడ్డు మంజూరు కాలే. ఆ సంగతి చెప్పనీకి జీపుల ఒక్కడే వచ్చి, మా అరుగు మీద కూసొని, తాతకు మొకం చూపిచ్చి పోయిండు. వేరే వాడలకు పోయినట్టు నేను వినలే.

జవాబు: ఎంత మంచి మాట చెప్పారమ్మా! ‘నీ మీదనే ఉన్నం’లో బరువంతా అవతలి మనిషి మీద పడింది. ఆయన్ని మళ్లీ మీ అరుగు దాకా నడిపించింది ఆ మాటే అనుకుంటాను. ‘భరోసా’ దీనికి ఎదురు దిక్కు, పైనుంచి కిందికి వచ్చేది. అందుకే కాబోలు రెండు రాష్ట్రాల్లోనూ పథకానికి ‘రైతు భరోసా’ అని పేరొచ్చింది, ‘రైతు నమ్మకం’ అని రాలేదు. శ్రీకాకుళం, అనంతపురం వైపు వాళ్లు ఇలాంటప్పుడు ఏమంటారో కూడా రాయండి.