జపాన్ వేడినీటి ఊళ్లలో అమ్మకి భోజనం ఎలా?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు):
అక్టోబరులో అమ్మని తీసుకుని బెప్పు, కుసాత్సు వెళ్తున్నానండీ. ఏ ఊరి తిండి ఆ ఊళ్లోనే తినాలని నా కోరిక. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. పస్తుంటుందేమోనని టెన్షన్‌గా ఉంది. కందిపొడి సర్దాను. ఇంకేం చేయాలి?

జవాబు (లబ్బీపేట, విజయవాడ):
బెప్పులో ముందు కన్నావా పేటకి వెళ్లండి. భూమిలోంచి వచ్చే ఆవిరి మీద చిలగడదుంపలు, మొక్కజొన్న, గుమ్మడి ముక్కలు మనమే ఉడికించుకోవచ్చు. జిగోకు ముషి అంటారు, అంటే నరకపు ఆవిరి వంట! నూనె లేదు, పోపు లేదు. అయినా ఆ దుంప తీపి నేను మర్చిపోలేను. మా అమ్మ కందిపొడి అద్దుకుని కడుపునిండా తింది.

అసలు జాగ్రత్త బస చేసే చోట. "కూరగాయలే" అంటే చాలదండీ. మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్‌లో, ఉడికించిన కూరల్లో దాషి పోస్తారు. అది చాలాసార్లు ఎండుచేపతో కాచిన నీళ్లు. చూస్తే తెలియదు. మొదటి రాత్రి మా అమ్మకి అదే జరిగింది, నాకిప్పటికీ బాధే. గది బుక్ చేసేటప్పుడే "చేప దాషి వద్దు, కొంబు నాచుతో చేయండి" అని జపనీస్‌లో రాసి పంపండి.

జవాబు (అరండల్‌పేట, గుంటూరు):
కుసాత్సులో ఆన్సెన్ మంజు తినండి, ఆవిరి మీద ఉడికించిన చిన్న బన్ను అది. లోపల అజుకి అనే ఎర్ర గింజల తీపి ముద్ద, అచ్చం మన పూర్ణమే. గుడ్డు కలిపారేమో అడిగి అమ్మగారికి పెట్టండి. మీకైతే ఆన్సెన్ తమాగో, అంటే వేడినీటి గుడ్డు. 70 డిగ్రీల నీళ్లలో ఉంచితే పచ్చసొన ముద్దకడుతుంది, తెల్లసొన జారుగానే ఉంటుంది. వేడన్నంలో కలుపుకోండి.

ప్రశ్న అడిగినవారు:
దాషి సంగతి అసలు తెలియదండీ. ఇవాళే ఉత్తరం రాయిస్తాను.