అప్‌డేట్: చెహోవ్ కథలో ఆ తెల్ల కుక్క

రష్యన్ రచయిత చెహోవ్ 1899లో రాసిన ‘కుక్కపిల్లతో ఉన్న మహిళ’ కథలో, పేరుకెక్కిన కుక్క పరిచయాలయ్యాక దాదాపు కనిపించదెందుకని అడిగాను కదా. ఒంటరితనానికి గుర్తని కొందరు, విశ్వాసానికి గుర్తని ఇంకొందరు చెప్పారు. అందరికీ థాంక్స్. అవన్నీ మనసులో పెట్టుకుని కథ మళ్లీ చదివాను.

సముద్రతీర విహార పట్టణం యాల్టాలో, మాస్కో నుంచి వచ్చిన, పెళ్లయిన కథానాయకుడు గూరోవ్‌కి కుక్క ఒక సాకు. దగ్గరికి పిలుస్తాడు, వస్తే వేలు చూపి బెదిరిస్తాడు, అది గుర్రుమంటుంది. ఎముక పెట్టవచ్చా అని అడుగుతాడు. అలా దాని యజమానురాలు, తనలాగే పెళ్లయిన ఆన్నాతో మాట కలుస్తుంది. ఇలాంటివి అతనికి అలవాటే.

నన్ను పట్టేసింది తర్వాతి భాగం. మాస్కో వెళ్లాక ఆమెను మర్చిపోలేడు, ఎవరికీ చెప్పుకోలేడు. తనతో పేకాడిన ఉద్యోగి దగ్గర ఓ రాత్రి నోరు తెరిస్తే, ఆయన భోజనంలో చేప వాసన కొట్టిందంటాడు! ఎంత దారుణమైన జవాబో. చివరికి ఆమె ఊరు వెళ్లి, మేకులు దిగేసిన బూడిదరంగు కంచె ముందు తిరుగుతుంటే, ఒక ముసలామె వెనక అదే కుక్క బయటికొస్తుంది. పిలుద్దామనుకుంటాడు. గుండె దడదడలాడి దాని పేరే గుర్తురాదు.

నాకు జవాబు అక్కడే దొరికింది. అప్పుడు సరదాగా పిలిచిన కుక్కనే ఇప్పుడు పిలవలేకపోతున్నాడంటే, అతను ఎంత మారాడో తెలుస్తోంది. ప్రేమ అన్న మాట అక్కడ అవసరమే లేదు. విశ్వాసం అన్న వాదన మాత్రం ఒప్పుకోలేకపోతున్నాను. కథలో దానికి ఆధారం కనిపించినవాళ్లు చెప్పండి, తప్పకుండా చూస్తాను.